మార్కు, ర్యాంకు, పర్సంటైల్: ఒక లెక్క పుట్టుపూర్వోత్తరాలు



2024 డిసెంబరులో ఒక సాయంత్రం, బీదరు గాంధీగంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే నా పాత మిత్రుడొకరు పేడాల డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయన కొడుకు క్యాట్ పరీక్ష రాశాడు. మేనేజ్‌మెంటు చదువుకు ఐఐఎంలు పెట్టే ప్రవేశ పరీక్ష అది. ఫలితం వచ్చింది. "సారూ, ఎనభై ఒకటి వచ్చింది మావోడికి. డిస్టింక్షనే గదా!" అన్నారు. పేడా నోట్లో పెట్టుకున్నాను గానీ జవాబు వెంటనే చెప్పలేకపోయాను.

ఆయన ఇంకొక మాట కూడా చెప్పారు. ఎక్కడో దూరాన ఉన్న ఒక ప్రైవేటు కాలేజీ తరఫున ఎవరో ఫోన్ చేశారట. ఎనభై ఒకటి అంటే చాలా పెద్ద స్కోరు, ఇలాంటివాళ్లకు మా దగ్గర నేరుగా సీటు, ఆదివారంలోగా లక్ష రూపాయలు అడ్వాన్సు కట్టండి అన్నారట. కొట్లో నిలవ ఉన్న కందులు అమ్మేసి కట్టడానికి ఈయన సిద్ధమైపోయారు. నేను ముప్పై ఏళ్లు బళ్లో లెక్కలు చెప్పినవాణ్ని. కాబట్టి ఆ రాత్రి భోజనాలయ్యాక కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చున్నాం. అప్పుడు ఆయనకు చెప్పిన లెక్కే ఈ ప్రసంగంలో మీకూ మనవి చేస్తాను. అయితే మీకు దాని చరిత్ర నుంచి మొదలుపెట్టి చెబుతాను. ఎందుకంటే ఈ తికమక ఒక్క మా మిత్రుడిది కాదు. రెండు మూడు కాలాలకు చెందిన కొలతలు మన బుర్రల్లో ఒకదానిమీద ఒకటి పేరుకొని ఉన్నాయి.

మొదటి కొలత చూడాలంటే మన ఊళ్లోనే మహమూద్ గవాన్ మదరసా దగ్గర నిలబడాలి. ఇరాన్‌లోని గిలాన్ ప్రాంతం నుంచి వచ్చి బహమనీ రాజ్యానికి ప్రధాని అయిన గవాన్, 1472 ప్రాంతంలో ఈ విద్యాలయం కట్టించాడు. మూడంతస్తుల భవనం, నీలం ఆకుపచ్చ పింగాణీ పలకలు, మూడు వేల గ్రంథాల భాండాగారం ఉండేదని చరిత్రకారులు రాశారు. 17వ శతాబ్దం చివర ఔరంగజేబు కాలంలో మందుగుండు పేలి సగం కూలింది. మిగిలిన సగాన్ని మనం రోజూ చూస్తూనే ఉన్నాం.

అటువంటి విద్యాలయాల్లో మార్కులు లేవు. ఇజాజత్ అనే పత్రం ఉండేది. ఫలానా విద్యార్థి ఫలానా గ్రంథాన్ని నా దగ్గర చదివాడు, దాన్ని ఇతరులకు చెప్పడానికి ఇతనికి అనుమతి ఇస్తున్నాను అని గురువు తన పేరుతో రాసి ఇచ్చేవాడు. ఆ కాగితం చూస్తే ఏమి చదివాడో, ఎవరి దగ్గర చదివాడో తెలుస్తుంది. ఎంతమందిలో ఎన్నోవాడో తెలియదు. ఆ ప్రశ్న అప్పుడు ఎవరూ అడగలేదు.

గవాన్ పేరు ఎత్తాక ఆయన మరణం గురించి చెప్పకుండా ముందుకు పోలేను. ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితం ఒకటి శత్రువులు సంపాదించి, దానిమీద ఒరిస్సా రాజుకు రాసినట్టుగా ఒక ద్రోహపు ఉత్తరం సృష్టించి సుల్తానుకు చూపించారు. ముద్ర నాదే, రాత నాది కాదు అని గవాన్ మొత్తుకున్నా సుల్తాను వినలేదు. 1481 ఏప్రిల్‌లో, మన తెలుగుదేశంలోని కొండపల్లి దగ్గర దండు విడిసి ఉండగా, ఆ వృద్ధుడి తల తీయించారు. ముద్ర చూశారు, రాత ఎలా వచ్చిందో విచారించలేదు. ఫలితాల కాగితం మీద అంకె చూసి పేడాలు పంచినప్పుడల్లా నాకెందుకో ఈ కథ గుర్తుకొస్తుంది. పోలిక కాస్త పెద్దదేమో, క్షమించండి.

రెండో కొలత శాతం. ఇంగ్లీషువారి కాలంలో విశ్వవిద్యాలయాలు వచ్చాయి. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు. మన నిజాం రాజ్యంలో 1918లో ఉస్మానియా, అదీ ఉర్దూ మాధ్యమంలో. ఈ చదువుల వెంటే వందకు ఎన్ని అనే లెక్క మన ఇళ్లలోకి వచ్చింది. మా తరంలో ముప్పై అయిదు పాసు, అరవై ఫస్టుక్లాసు, డెబ్భై అయిదు దాటితే డిస్టింక్షన్. బీదరు జిల్లాలో తాత ఉర్దూలో చదివాడు, తండ్రి కన్నడంలో చదివాడు, ఇంట్లో మాట తెలుగు. 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు నారాయణఖేడ్ తాలూకా, జహీరాబాదు తాలూకాలో చాలా భాగం, న్యాల్‌కల్ సర్కిలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. బీదరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. ఉద్గీర్, నిలంగా, అహ్మద్‌పూర్ బొంబాయి వైపు వెళ్లాయి. ఒకే జిల్లా మూడు ముక్కలైంది గానీ ముప్పై అయిదూ అరవై మాత్రం మూడు వైపులా ఒకే అర్థంతో నిలిచాయి. అందుకే ఏ అంకె విన్నా మనం దాన్ని వందకు ఎన్ని అనే అనుకుంటాం.

ఇక మూడోది. 1884లో లండన్ నగరంలో ఆరోగ్య ప్రదర్శన ఒకటి జరిగింది. అందులో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే పెద్దమనిషి ఒక చిన్న కొలతల శాల పెట్టాడు. మనిషికి మూడు పెన్నీలు రుసుం. ఎత్తు, బరువు, ఊపిరి బలం, చేతి పట్టు, కంటిచూపు, వినికిడి, అన్నీ కొలిచి చీటీ రాసిచ్చేవారు. 9,337 మంది కొలిపించుకున్నారు. అన్ని వేలమంది కొలతలు ముందు వేసుకొని కూర్చుంటే ఒక చిక్కు వచ్చింది. ఒకడి పట్టు ఇన్ని పౌన్లు, చూపు ఇన్ని అంగుళాలు అంటే ఈ రెండింటిని పోల్చడం ఎట్లా? గాల్టన్ ఉపాయం ఏమిటంటే, ప్రతి కొలతలోనూ జనాన్ని తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో నిలబెట్టి, ఆ వరుసను వంద భాగాలు చేశాడు. ఇతను పట్టులో తొంభైమందికి పైన ఉన్నాడు, చూపులో నలభైమందికే పైన ఉన్నాడు అని చెప్పవచ్చు. ఈ స్థానానికే 1885లో ఆయన పర్సంటైల్ అని పేరు పెట్టాడు.

లెక్క చక్కనిది. లెక్క వేసినాయన ఆలోచనలన్నీ చక్కనివి కావు. మేలురకం మనుషులను ఎంచి సంతతి పెంచాలనే వాదానికి యూజెనిక్స్ అని పేరు పెట్టింది కూడా ఆయనే, 1883లో. వరుసలో ముందున్నవాడు పుట్టుకతోనే మేలైనవాడని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం వల్ల తరువాతి శతాబ్దంలో చాలా కీడు జరిగింది. వరుస అనేది ఆ రోజు వచ్చినవారి వరుస మాత్రమే, అంతకుమించి ఏమీ కాదు. ఈ సంగతి మనం మరవకూడదు.

మా మిత్రుడికి ఇది గంజ్ భాషలో చెప్పాను. "మీ కాంటా మీద బస్తా అరవై కిలోలు తూగితే, నిన్న తూచినా నేడు తూచినా అరవయ్యే. అది మార్కు. ఇవాళ యార్డుకు మీది కాక వంద కుప్పల కందులు వచ్చాయి, మీ కుప్ప ఎనభై ఒక్క కుప్పలకన్నా మేలు, పందొమ్మిది కుప్పలు మీకన్నా మేలు. ఇది పర్సంటైల్. రేపు బీదరు సరుకుతోపాటు కలబురగి నుంచి మేలిరకం సరుకు నూరు లారీలు దిగితే, మీ కందులు అవే, మీ స్థానం మాత్రం కిందికి జారుతుంది." ఆయనకు ఇట్టే అర్థమైంది. వ్యాపారికి యార్డు సంగతి వేరే చెప్పాలా!

ఇటువంటి వరుసను వ్యాపార విద్యకు వాడడం అమెరికాలో మొదలైంది. 1953లో తొమ్మిది బిజినెస్ స్కూళ్లు కలిసి ఒక ఉమ్మడి పరీక్ష కావాలనుకున్నాయి. ఒక్కొక్క అభ్యర్థి ఒక్కొక్క కాలేజీ నుంచి వస్తాడు. ఒకచోట మార్కులు ఉదారంగా వేస్తారు, ఇంకోచోట పిసినారిగా వేస్తారు. కాలేజీ మార్కులు పోల్చడం కుదరదు. 1954లో మొదటి పరీక్ష జరిగింది, ఆ ఏడాది మొత్తం రెండు వేల పైచిలుకు మంది రాశారు. 1976లో దాని పేరు జీమ్యాట్ అయింది.

ఆ పరీక్ష స్కోరును 200 నుంచి 800 దాకా పెట్టారు. వింతగా ఉంటుంది గానీ దానికొక పద్ధతి ఉంది. అక్కడి కాలేజీ ప్రవేశ పరీక్షకు అంతకుముందే 500ను నడిమి స్థానంగా పెట్టి, అటు మూడు వందలు ఇటు మూడు వందలు జాగా విడిచిన కొలబద్ద ఒకటి ఉండేది. దాన్నే ఇక్కడా తీసుకున్నారు. సున్నా నుంచి వంద కాదు కాబట్టి ఎవరూ దాన్ని శాతం అని పొరబడరు. పైగా ఈ సంవత్సరం ప్రశ్నాపత్రం కష్టంగా వచ్చినా, వచ్చే సంవత్సరం తేలికగా వచ్చినా సరిచూసి, స్కోరుకు ఒకే విలువ ఉండేటట్టు లెక్క కడతారు. అంటే స్కోరు కాంటా తూకం వంటిది. దాని పక్కనే పర్సంటైల్ వేరుగా ఇస్తారు. ఇటీవలి కొన్నేళ్లలో రాసినవారందరిలో ఈ స్కోరు ఎక్కడ నిలుస్తుందో అది చెబుతుంది.

ఈ రెండూ వేర్వేరుగా కదులుతాయనడానికి మనవాళ్లే సాక్ష్యం. ఇండియా, చైనా నుంచి జీమ్యాట్ రాసేవారు పెరిగినకొద్దీ గణిత విభాగంలో అదే స్కోరుకు పర్సంటైల్ ఏటికేడు పడిపోయింది. అమెరికా పిల్లవాడి లెక్కల జ్ఞానం తగ్గలేదు, యార్డులోకి కొత్త సరుకు దిగింది. అక్కడి స్కూళ్లు తలలు పట్టుకుంటే, 2014లో పరీక్ష నడిపే సంస్థ అభ్యర్థిని అతని సొంత ప్రాంతం వారితో మాత్రమే పోల్చి చూసే సాధనం ఒకటి ఇవ్వవలసి వచ్చింది.

2023 నవంబరులో జీమ్యాట్ మళ్లీ మారింది. ఇప్పుడు కొలబద్ద 205 నుంచి 805, ప్రతి స్కోరు చివర 5 ఉంటుంది. చూడడానికి పాతదానిలాగే ఉంది గానీ తూకంరాళ్లు వేరు. కొత్త పరీక్షలో 645, పాత పరీక్షలో సుమారు 700కు సమానం. అన్నకు అప్పట్లో 700 వచ్చింది, తమ్ముడికి 645 మాత్రమే వచ్చింది అని ఇంట్లో దెప్పకండి. ఇద్దరూ దాదాపు ఒకే మెట్టుమీద ఉన్నారు.

ఇక మన దేశానికి వద్దాం. 1961లో కలకత్తా, అహ్మదాబాదుల్లో మొదటి ఐఐఎంలు, 1973లో బెంగళూరులో మూడోది వచ్చాయి. వీటన్నిటికీ ఉమ్మడి ప్రవేశ పరీక్ష క్యాట్. 2003 నవంబరులో ప్రశ్నాపత్రం ముందే బయటికి పొక్కి, ఆ పరీక్ష రద్దయి, 2004 ఫిబ్రవరిలో మళ్లీ పెట్టారు. 2009 నుంచి కంప్యూటరు మీద జరుగుతోంది. ఇప్పుడు ఒకే రోజు మూడు పూటలు జరుగుతుంది, మూడు పూటలకు మూడు వేర్వేరు ప్రశ్నాపత్రాలు. పొద్దుటి పత్రం కష్టమైతే పొద్దున రాసినవారికి అన్యాయం జరగకుండా ముందు మార్కులను సరిదిద్ది, ఆ సరిదిద్దిన మార్కుల మీద వరుస కట్టి పర్సంటైల్ ఇస్తారు. క్యాట్‌లో మార్కులు చూస్తే మన పాత కళ్లకు కంగారు పుడుతుంది. 2023లో మొత్తం 198 మార్కుల్లో సగం రానివారు కూడా తొంభై అయిదు పర్సంటైల్ దాటారు. పాత లెక్కలో సెకండ్‌క్లాసు కూడా కాని అంకె, వరుసలో మాత్రం బాగా ముందు.

మా మిత్రుడు అడిగిన ఒక ప్రశ్న నాకు నచ్చింది. "సారూ, పేపర్లో పద్నాలుగు మందికి నూటికి నూరు వచ్చిందని రాసిండ్రు. వాళ్లు ఒక్క తప్పు కూడా చెయ్యలేదా?" చేసి ఉండవచ్చు. వంద పర్సంటైల్ అంటే వంద మార్కులు కావు. అసలు ఖచ్చితంగా చెప్పాలంటే వంద పర్సంటైల్ ఎవరికీ రాకూడదు, ఎందుకంటే ఎవడూ తనకన్నా తానే ముందు ఉండలేడు. క్యాట్ లెక్క ఇది: రాసినవారి సంఖ్యలోంచి మీ ర్యాంకు తీసివేసి, వచ్చినదాన్ని రాసినవారి సంఖ్యతో భాగించి, నూరుతో గుణించాలి. 2024లో రాసినవారు సుమారు 2 లక్షల 93 వేలు. వచ్చిన అంకెను రెండు దశాంశాల దగ్గర సవరిస్తారు. 99.995, ఆపైన ఉన్నదంతా 100 అని అచ్చవుతుంది. 2 లక్షల 93 వేలలో ఆ పైభాగం ఎంత? లక్షకు అయిదు చొప్పున పద్నాలుగున్నర. మనిషిని సగం చేయలేం కాబట్టి పద్నాలుగు మంది. 2023లోనూ సుమారు 2 లక్షల 88 వేలమంది రాస్తే పద్నాలుగు మందే. అది భాగహారం ఇచ్చిన అంకె, ఎవరి గొప్పా కాదు. ఈ లెక్క తేలినప్పుడు మా మిత్రుడు కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ ఒకసారి చేసి చూసుకున్నారు.

తరువాత ఆయనే పెన్సిలు అందుకున్నారు. ఎనభై ఒకటి అంటే నూటికి పందొమ్మిది మంది ముందున్నారు. 2 లక్షల 93 వేలకు 55,670 మంది. అప్పటికి దేశంలో ఉన్న ఇరవై ఒక్క ఐఐఎంలూ కలిపితే సీట్లు అయిదారు వేలు. ఆయన పెన్సిలు కింద పెట్టి చాలాసేపు మాట్లాడలేదు. నాకు బాధ అనిపించింది. నిజానికి పిల్లవాడు చెడ్డగా రాయలేదు. ఇంకో కాగితం తెప్పించి విభాగాల వారీగా చూశాం. లెక్కల్లో తొంభై నాలుగు, తర్కంలో ఎనభై, ఇంగ్లీషులో నలభై ఆరు. పదో తరగతి దాకా కన్నడ మాధ్యమంలో చదివిన కుర్రవాడు, ఇంట్లో తెలుగు, గంజ్‌లో దక్కనీ ఉర్దూ. మూడు భాషల నడుమ పెరిగినవాణ్ని నాలుగోదాని పొడుగాటి పేరాలు పడగొట్టాయి. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మూడు విభాగాల పర్సంటైళ్లు కూడి మూడుతో భాగిస్తే మొత్తం పర్సంటైల్ రాదు. ఆ మూడు వేర్వేరు వరుసలు, మొత్తం అనేది నాలుగో వరుస. పైగా ఐఐఎంలు మొత్తంతోపాటు ప్రతి విభాగంలోనూ ఒక కనీస స్థానం అడుగుతాయి.

మన సరిహద్దు జిల్లాలవాళ్లకు ఇంకొక చిక్కు ఉంది. ఒకే పిల్లవాడు క్యాట్ రాస్తాడు, కర్ణాటక పీజీసెట్ రాస్తాడు, హైదరాబాదు బస్సెక్కి ఐసెట్ కూడా రాస్తాడు. ఐసెట్ 200 ప్రశ్నలు, 200 మార్కులు. నూటికి ఇరవై అయిదు వస్తే అర్హత. అర్హత వచ్చిందంటే సీటు వచ్చినట్టు కాదు, అసలు ఆట ర్యాంకుతోనే. ఇద్దరికి ఒకే మార్కులు వస్తే మొదటి విభాగం మార్కులు చూస్తారు, అవీ సమానమైతే రెండోది, అక్కడా తేలకపోతే వయసు. తెలంగాణలో తెలుగు, ఉర్దూ అనువాదాలతో కూడా ఆ ప్రశ్నపత్రం దొరుకుతుంది, ఇంగ్లీషు భాషా విభాగం తప్ప. పీజీసెట్ మేనేజ్‌మెంటుకు నూరు ప్రశ్నలు, నూరు మార్కులు. మొత్తం మీద ఒకే ఇంట్లో మూడు అంకెలు: ఒకటి పర్సంటైల్, ఎక్కువైతే మంచిది. రెండు ర్యాంకులు, తక్కువైతే మంచిది. ముసలివాళ్లు తికమకపడరా మరి!

ఏ వరుసలో నిలబడ్డామన్నది కూడా ముఖ్యం. బీదరుతో సహా పాత హైదరాబాదు రాష్ట్రం నుంచి కర్ణాటకకు వచ్చిన ప్రాంతానికి, బళ్లారి వైపు జిల్లాలతో కలిపి, 2012 నాటి రాజ్యాంగ సవరణ వల్ల 371 జె అధికరణం వచ్చింది. దాని కింద ఈ ప్రాంతంలోని విద్యాసంస్థల్లో నూటికి డెబ్భై సీట్లు, రాష్ట్రంలో మిగతాచోట్ల ఎనిమిది సీట్లు ఇక్కడి స్థానికులకు కేటాయించారు. రాష్ట్రవ్యాప్తంగా చూస్తే వెనకబడినట్టు కనిపించే ర్యాంకు ఈ వరుసలో ముందుకు వస్తుంది. కాని దానికి స్థానికత ధ్రువపత్రం అసిస్టెంట్ కమిషనర్ కచేరీ నుంచి సకాలంలో తెచ్చుకోవాలి. పత్రం లేక, ర్యాంకు ఉండీ సీటు పోగొట్టుకున్న పిల్లలను నేను చూశాను.

లెక్కల ప్రస్తావన కాబట్టి మన సరిహద్దు నేలమీద పుట్టిన ఒక మహానుభావుణ్ని తలచుకుంటాను. గణాంకశాస్త్రంలో ప్రపంచమంతా గౌరవించే కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, సి. ఆర్. రావుగా ప్రసిద్ధులు, 1920లో బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం కోసం ఒక ఇంటర్వ్యూకు కలకత్తా వెళ్లారు. అది దొరకలేదు. అక్కడే ఉన్న ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు. ఆ తరువాతి కథ శాస్త్రచరిత్రలో ఉంది. 2023లో, నూట రెండేళ్ల వయసులో, గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి అందుకొని, అదే సంవత్సరం ఆగస్టులో కన్నుమూశారు. ఆ ఇంటర్వ్యూ చేసినవారి జాబితాలో ఆయన స్థానం ఎంతో ఇప్పుడెవరికీ పట్టదు.

మా మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. ఆదివారం ఆయన అడ్వాన్సు కట్టలేదు. ఫోన్ చేసినవాళ్లు ఇంకో రెండు వారాలు చేశారు, తరువాత మానుకున్నారు. కుర్రవాడు వేసవిలో పీజీసెట్ రాశాడు. స్థానికత పత్రం కోసం తండ్రి మూడుసార్లు కచేరీకి తిరిగారు. కలబురగిలో సీటు వచ్చింది, ఇప్పుడు చదువుతున్నాడు, ఇంగ్లీషు పేపరు రోజూ చదువుతున్నానని చెబుతాడు. కందుల విషయంలో మాత్రం ఆయనకు నామీద చిన్న ఫిర్యాదు మిగిలింది. ఆ డిసెంబరులో అమ్మకుండా ఆపుకున్న సరుకు, కొత్త పంట దిగాక ధర పడిపోయి చవగ్గా పోయింది. "మీ లెక్క విని లక్ష మిగిలింది సారూ, కందుల్లో పోయింది ఎవరి ఖాతాలో రాయాలె?" అని ఎప్పుడు కలిసినా అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా జవాబు లేదు.